టీవీ నుంచి ఫోన్‌కు: ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారంపై ఒక విమర్శ

పెద్ద తెర పోయి చిన్న తెర వచ్చిందని చెప్పి ఊరుకుంటే అది వర్ణన అవుతుంది కాని విమర్శ కాదు. మాధ్యమం మారినప్పుడు ప్రేక్షకుడికి కొత్తగా ఏమి దక్కింది, అతనికున్న హక్కుల్లో ఏది జారిపోయింది అని విమర్శకుడు అడగాలి. ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

ముందుగా జరిగిన మార్పును గమనించండి. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను 3–1తో ఓడించింది. ఆ మ్యాచ్ ప్రధానంగా స్టార్ స్పోర్ట్స్ టీవీ ఛానెళ్ల ద్వారా, దానితోపాటు హాట్‌స్టార్ ద్వారా ప్రసారమైంది. అదే ఏడాది చివర ఖతర్ ప్రపంచకప్‌ను జియోసినిమా ఫోన్లలో ఉచితంగా చూపింది. ఫైనల్‌ను తమ వేదికపై 3.2 కోట్ల మంది చూశారని ఆ సంస్థ ప్రకటించింది. 2023–24 నుంచి ఇండియన్ సూపర్ లీగ్ కూడా జియోసినిమాకు చేరింది. అంతవరకు టీవీకి తోడుగా ఉన్న స్ట్రీమింగ్ ముందు వరుసలోకి వచ్చింది.

ఈ మార్పు వల్ల మేలు జరగలేదనడం న్యాయం కాదు. మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ చదువుకుంటున్నవారే కాబట్టి సంగారెడ్డి జిల్లా గడ్డపోతారం పారిశ్రామికవాడనే తీసుకుందాం. అక్కడ మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు ఎక్కువ. పని షిఫ్టుల్లో నడుస్తుంది. ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చినవారు అద్దె గదుల్లో కలిసి ఉంటారు. అలాంటి గదిలో టీవీ ఉండకపోవచ్చు, ఫోన్ మాత్రం ఉంటుంది. 2022 డిసెంబర్ 18న ప్రపంచకప్ ఫైనల్ మన కాలమానం ప్రకారం రాత్రి 8:30కు మొదలైంది. రాత్రి పదింటికి షిఫ్టు దిగే కార్మికుణ్ణి ఊహించుకోండి. అప్పటికి అర్జెంటీనా 2–0 ఆధిక్యంలో ఉంది. అతను గేటు దగ్గర ఫోన్ తీసుకుని బయటికి నడిచే వేళకు, 80, 81 నిమిషాల్లో ఎంబాపె రెండు గోల్స్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఇంట్లోని టీవీని నమ్ముకుంటే ఆ రెండు గోల్స్ అతనికి అందవు. ఇది చిన్న లాభం కాదు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. టీవీ ఛానెల్ ఒకే సంకేతాన్ని అందరికీ ఒకేసారి పంపుతుంది. చూసేవారు పెరిగినా దాని నాణ్యత తగ్గదు. స్ట్రీమింగ్‌లో ఒక్కొక్క ఫోన్‌కు విడివిడిగా దృశ్యం వెళ్లాలి. అందుకే రద్దీ పెరిగితే బొమ్మ ఆగుతుంది. సాధారణంగా టీవీ కంటే కొన్ని సెకన్లు ఆలస్యంగానూ వస్తుంది. పక్కింటి కేకతో గోల్ సంగతి ముందే తెలిసిపోవడం మీలో కొందరికి అనుభవమే. డేటా ఖర్చు కూడా ప్రేక్షకుడిదే.

సాంకేతిక లోపాలు కాలక్రమంలో తగ్గవచ్చు. హక్కు విషయం అలా కాదు. 1993 నాటి హీరో కప్ క్రికెట్ ప్రసార వివాదంపై 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. ఆ ధర్మాసనంలో తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. ఆయన విడిగా తీర్పు రాశారు. తర్వాత 2007లో వచ్చిన చట్టం, జాతీయ ప్రాధాన్యం గల క్రీడల ప్రత్యక్ష సంకేతాలను ప్రసార భారతితో తప్పనిసరిగా పంచుకోవాలని నిర్దేశించింది. దూరదర్శన్ మాత్రమే వచ్చే ఇంటికి కూడా ప్రపంచకప్ ఫైనల్ చేరాలన్నది దాని ఉద్దేశం. అయితే ఆ చట్టం కేబుల్, డీటీహెచ్, రేడియోలను దృష్టిలో పెట్టుకుని రాసినది. అందులో స్ట్రీమింగ్ మాట లేదు. కాబట్టి 2022లో ఫోన్‌లో ఉచితంగా వచ్చిన మ్యాచ్ ఒక కంపెనీ వ్యాపార నిర్ణయమే కాని ప్రేక్షకుడి హక్కు కాదు. ఇచ్చిన సంస్థ రేపు రుసుము పెట్టవచ్చు, మానేయనూ వచ్చు. ఫోన్‌కు వచ్చే సంకేతం కూడా ప్రజల ఆస్తి అయిన తరంగాల మీదే ప్రయాణిస్తున్నప్పుడు, 1995 నాటి సూత్రం ఫోన్ దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

భాష సంగతీ చూడండి. ఆ ప్రపంచకప్‌కు జియోసినిమా ఇంగ్లీషు, హిందీతోపాటు తమిళం, మలయాళం, బెంగాలీ భాషల్లో వ్యాఖ్యానం ఇచ్చింది, తెలుగులో ఇవ్వలేదు. గడ్డపోతారంలోని బెంగాలీ కార్మికుడు తన భాషలో ఆట విన్నాడు, అతని పక్కనే పనిచేసే తెలుగు కార్మికుడు వినలేకపోయాడు. స్ట్రీమింగ్‌లో ఇంకో భాష చేర్చడానికి ఇంకో ఛానెల్ పెట్టనక్కర్లేదు. కాబట్టి ఈ లోటు సాంకేతికమైనది కాదు, మార్కెట్ లెక్క. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, భారత జట్టును 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేర్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మనవారే. అయినా ఆ లెక్కలో మన భాషకు చోటు దొరకలేదు.

స్ట్రీమింగ్ ప్రేక్షకుణ్ణి ఇంటి గోడల నుంచి, గడియారం నుంచి కొంత విడిపించింది. అదే సమయంలో అతన్ని పౌరుడి స్థానం నుంచి వినియోగదారుడి స్థానానికి మార్చింది. మొదటిదాన్ని మెచ్చుకోవాలి, రెండోదాన్ని ప్రశ్నించాలి. మీ వాడకట్టులో ఐదుగురిని కలిసి, ఈ మధ్య వారు చూసిన మ్యాచ్ ఎందులో చూశారో, ఎంత ఖర్చయిందో, ఏ భాషలో విన్నారో, చూడాలనుకుని చూడలేకపోయింది ఏదో అడిగి రాసుకోండి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబులతోనే మీ వ్యాసం మొదలుపెట్టండి.