గదికి కుదిరిన బేస్

సబ్‌వూఫర్ బాగా మోగితే మెప్పంతా పెట్టెకే పోతుంది. అందులో సగానికి పైగా దాన్ని గదికి కుదిర్చిన మనిషికి దక్కాలని నా లెక్క. 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు 8.5 మీటర్లు, మన హాళ్లు చాలావరకు అంతకన్నా చిన్నవి. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని గోడల పక్కన హోరెత్తి, నడిమధ్యన దాదాపు మాయమవుతుంది. కాంక్రీటు, ఇటుక గోడలు బేస్‌ను అంతగా పీల్చుకోవు కనుక మన ఇళ్లలో ఈ తేడా మరీ ఎక్కువ. అందుకే పని తెలిసినవాడు ముందే నాబ్ ముట్టుకోడు. పెట్టెను మనం కూర్చునే చోట ఉంచి, ఒకే బేస్ వరుస మోగిస్తూ, గోడల వెంట వంగి వింటూ తిరుగుతాడు (చూసేవాళ్లకు నవ్వొస్తుంది, రానీండి). స్వరాలన్నీ సమంగా వినిపించిన చోటే దాని స్థానం. మోగే చోటూ వినే చోటూ తారుమారైనా గది స్పందన మారదన్న భౌతికశాస్త్ర సూత్రమే ఇందుకు ఆధారం. క్రాసోవర్, ఫేజ్ సంగతి ఆ తర్వాతే.

మైకు పెడితే యాంప్లిఫయరే సరిచేసుకుంటుంది కదా అంటారు. ఉబ్బిన స్వరాన్ని అది చక్కగా తగ్గిస్తుంది, కాదనను. తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే చోట మాత్రం ఎంత పవర్ పెంచితే రద్దయ్యేదీ అంతే పెరుగుతుంది. అక్కడ పెట్టెనో సోఫానో జరపాల్సిందే. సోఫా జరపడానికి ఇంటివాళ్లను ఒప్పించడం ఏ యాప్‌కూ చేతకాదు.