ఎదుటి వేషానికి కాస్త చోటు

వేషం కట్టడమంటే ఏమిటో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. పత్తి తీతలై, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండి, బస్తాలు యార్డుకి చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేళకి తిరునాళ్లు వస్తాయి. వాటి వెంట నాటకాలూ వస్తాయి. రాయబారమో, హరిశ్చంద్రో తెల్లవార్లూ సాగుతుంది. అలాంటి నేల మీద పుట్టిన పిల్లలు ఇప్పుడు సెల్‌ఫోన్లలో వేషాలు కడుతున్నారంటే ఆశ్చర్యపడవలసిందేముంది?

ఆ కొత్త వేషాల సంగతి తెలియని వారికి రెండు ముక్కలు చెప్పాలి. ఇద్దరో ముగ్గురో కలిసి ఒక కథ అనుకుంటారు. ఒకరు రాణి, ఒకరు సేనాని, ఇంకొకరు గూఢచారి. రాణి వేషం వేసిన అమ్మాయి నాలుగు వాక్యాలు రాసి పంపుతుంది. సేనాని ఎక్కడో మరో ఊళ్లో కూచుని దానికి జవాబు రాస్తాడు. రంగూ లేదు, కిరీటమూ లేదు, తెరా లేదు. ఉన్నవన్నీ అక్షరాలే. దీన్ని రోల్‌ప్లే అంటున్నారు. 1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట వచ్చింది. బల్ల చుట్టూ కూచుని ఎవరి పాత్ర మాటలు వాళ్లు చెప్పుకుంటూ ఆడేది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ పెంచిన ‘మడ్’ అనే ఆట అదే సరదాని కంప్యూటరులోకి ఎక్కించింది. అందులోనూ బొమ్మలు లేవు, మాటలే.

ఇందులో ఎవరి అభిరుచి వారిది. కొందరికి ఒక్క వాక్యంలో చురుక్కుమనే జవాబు ఇష్టం. కొందరు చంద్రోదయంతో మొదలుపెట్టి నాలుగు పేరాలు రాస్తే గాని పాత్ర చేత తలుపు తీయించరు. కొందరు ‘నేను’ అని రాస్తారు, కొందరు ‘ఆమె’ అంటారు. వీటిలో ఏది గొప్పదని తగువులాడటం అనవసరం. గోంగూరలో పండుమిరపకాయ ఎంత పడాలన్నది ఇంటింటికీ మారుతుంది. కాని ఉప్పు లేకుండా ఏ ఇంట్లోనూ పచ్చడి నూరరు కదా! ఈ ఆటలో ఆ ఉప్పు ఏమిటంటే, ఎదుటి వేషానికి చోటివ్వడం. నా మటుకు నేను శైలిని తూచేది ఈ తక్కెడలోనే.

మన రంగస్థలం మీద కూడా ఇదే పేచీ. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు చూసిన వారికి ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు రావడం తెలిసిందే. పడకసీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు. జనం కూడా కథ కోసం కాక, ఏ కృష్ణుడి గొంతు ఎంతసేపు నిలుస్తుందో చూడటానికి కూచుంటారు. పద్యం చివర రాగం ఎత్తుకుంటే హార్మోనియం వెంటబడుతుంది, ‘వన్స్‌మోర్’ కేకలు లేస్తాయి, పద్యం మళ్లీ మొదటికి వస్తుంది. రాగం నాకూ ఇష్టమే. అర్ధరాత్రి చలిగాలిలో మైకులోంచి ఆ గొంతు వినిపిస్తే ఎవరికి ఇష్టం కాదు? కాని ఆ కాసేపూ పాపం, అర్జునుడు ఏం చెయ్యాలి? చేతులు కట్టుకుని పందిరి గుంజలా నిలబడాలి.

చిత్రమేమిటంటే, పడకసీనులో అసలు సంగతే ఎదుటివాడికి చోటివ్వడం. కృష్ణుడు కళ్లు తెరుస్తాడు, కాళ్ల దగ్గరున్న అర్జునుణ్ణి ముందు చూస్తాడు, సేన కావాలో, ఆయుధం పట్టని తాను కావాలో కోరుకోమంటాడు. ఆ కోరిక అర్జునుడి నోటి నుంచి రావాలి. అది వచ్చేదాకా కృష్ణుడంతటివాడూ ఆగాలి. కథలో అంత ఓపిక పట్టిన దేవుడు, స్టేజీ మీద తోటి నటుడికి పది నిమిషాలు దక్కనివ్వకపోతే ఆ వేషం సగమే కట్టినట్టు లెక్క.

అలాగని మూలంలో లేనిది చేర్చడమే తప్పనను. బాపట్ల ప్రాంతపు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన ‘సత్య హరిశ్చంద్రీయం’ కాటిసీనులో, వినుకొండ కవి జాషువా గారి శ్మశాన పద్యాలు పాడటం ఆనవాయితీ అయిపోయింది. అవి నాటకకర్త రాసినవి కావు. అయినా ఎవరికీ అతుకులా కనబడవు. ఎందుకంటే ఆ పద్యాలు వల్లకాటిని మన కళ్లముందు నిలబెట్టి, బిడ్డ శవంతో వచ్చే చంద్రమతికి దారి సిద్ధం చేస్తాయి. తన వెనక వచ్చేవారి కోసం చేసిన చేర్పు అది.

‘చింతామణి’కి పట్టిన గతి వేరు. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనాన్ని ఎండగట్టడానికి రాసిన నాటకం అది. పోను పోను సుబ్బిశెట్టి హాస్యం పేరిట స్టేజీ మీద చేరిన మోటు మాటలు నాటకాన్ని మింగేశాయి. ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని మధ్యలో లేచి వెళ్లవలసిన పరిస్థితి. తమ కులాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు బాధపడ్డారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ప్రదర్శనలను నిషేధించింది. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఒక వేషం ఒళ్లు తెలియకుండా పెరిగితే పక్క వేషాలకే కాదు, ఎదురుగా కూచున్న వారికీ చోటుండదని మాత్రం తెలుస్తూనే ఉంది.

ఇక బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారి (1902–1971) ముచ్చట చెప్పకుండా ఎలా? 1920లో హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషధారి రాకపోతే ఆ వేషం కట్టి రంగం ఎక్కారు. ఆడవేషాలతోనే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ కోసం ఆయన తానే ఒక పాట రాసుకున్నారు. కృష్ణుడు తన మాట దాటలేడన్న ధీమాయే ఆ పాటకి ప్రాణం. ఆలోచించండి, ఎదుట కృష్ణుడు లేకపోతే ఆ ధీమా ఎవరి మీద? అందరి చూపూ తన మీదే నిలిచిన ఘడియలో కూడా సత్యభామ ఎదుటి వేషాన్ని తలచుకునే నిలబడింది.

ఇప్పుడు మళ్లీ సెల్‌ఫోన్ వేషాలకి వద్దాం. రాణి వేషం కట్టిన అమ్మాయి ఇంకా జవాబే రాయలేదు. సేనాని తన వంతులో “నా మాట వినగానే రాణి కళ్లు చెమర్చాయి, ఆమె తల వంచుకుని సరేనంది” అని రాసి పంపేస్తాడు. భాష బాగానే ఉండవచ్చు, ఉపమానాలూ కుదిరి ఉండవచ్చు. కాని రాణి కన్నీళ్లు పెట్టడానికి అతనెవరు? అనుభవం ఉన్న ఆటగాళ్లు దీన్ని పెద్ద తప్పుగా లెక్కవేస్తారు. దేవుడిలా అందరినీ తానే ఆడించడమని దానికి ‘గాడ్ మోడింగ్’ అని పేరు కూడా పెట్టారు.

ఈ తప్పు మన ఆడవాళ్లకి వెంటనే తెలుస్తుంది. “దానికేం, సంతోషంగానే ఉంది”, “మా ఆవిడ ఏమీ అనుకోదులెండి” అని మన తరఫున మన మనసు చెప్పేసేవాళ్ల మధ్యే కదా పెరిగాం! ఒకప్పుడు స్టేజీ మీద మన వేషం కూడా మగవాళ్లే కట్టారు. ఇప్పుడు మన అమ్మాయి ఇంట్లో కూచుని, ఎవరి అనుమతీ అడక్కుండా, కావాలంటే దుర్యోధనుడి వేషమే కట్టవచ్చు. ఇంత స్వేచ్ఛ వచ్చాక ఆమె పాత్ర నవ్వో, ఏడుపో, “వద్దు” అన్న మాటో ఇంకొకరు రాసేస్తే ఏం లాభం? ముక్కూమొహం తెలియని వారితో ఆడే ఆటలో ఆ “వద్దు” మరీ ముఖ్యం. కథలో దానికి చోటివ్వని మనిషి కథ బయట ఇస్తాడని ఏం నమ్మకం?

అందుకని నాలుగు పేరాల వర్ణన కన్నా, ఒక్క వాక్యం రాసి “ఏమంటావు?” అని ఆగే శైలే నాకు ఇష్టం. వర్ణన చివర కూడా అలా ఆగగలిగితే నాలుగు పేరాలైనా హాయిగా చదువుతాను.

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి ఆట ఆడుతుంటే ఫోను లాక్కోకండి. పక్కన కూచుని ఒక్క మాట అడగండి: “నీ ఎదుటి వేషం ఈ మధ్య నువ్వు అనుకోనిది ఏదైనా చేసిందా?” “ఓ, ఎన్నిసార్లో!” అంటూ చెప్పడం మొదలుపెడితే ఆట చక్కగా సాగుతోందన్నమాట. అప్పుడు మీరూ ఒక వేషం అడిగి పుచ్చుకోండి.