గాడి తప్పిన చిప్ప

పొమేరియన్ పిల్ల హాల్లోంచి వంటింటి వైపు పరుగెడుతూ ఉన్నట్టుండి ఒక వెనక కాలు ఎత్తేస్తుంది. రెండు మూడు అడుగులు మూడు కాళ్ల మీదే గెంతుతుంది. తర్వాత ఆ కాలిని వెనక్కి చాచి ఒక్క విదిలింపు విదిలించి, ఏమీ జరగనట్టు మళ్లీ నాలుగు కాళ్ల మీద పరుగు అందుకుంటుంది. ఇంట్లోవాళ్లకు అది ముద్దొస్తుంది. వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. పశువైద్యుడికి మాత్రం ఆ విదిలింపు చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది. మోకాలి చిప్ప తన గాడిలోంచి లోపలివైపుకు జారింది. కాలు చాచి విదిలించేసరికి తిరిగి చోట్లో పడింది.

పొమేరియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్, టాయ్ పూడిల్ లాంటి చిన్న జాతుల్లో ఈ లోపం మహా మామూలు. ముదిరితే మాత్రం పిల్ల కాలు చాపలేదు, గొంతుక్కూర్చున్న భంగిమలోనే నడుస్తుంది, మెట్టు ఎక్కలేదు. దీన్ని సరిచేయడానికి సర్జన్లు ఎముకలో వేసే కోత ఒకటి ఉంది. ఎముక పనుల్లో అంత పొదుపైన పని నాకు ఇంకోటి తెలియదు. దాన్ని దగ్గరగా చూపించాలనే ఈ వ్యాసం.

ముందు మోకాలి కట్టుబడి చూడాలి. తొడ ఎముక కింది చివర, ముందు వైపున, నిలువుగా ఒక గాడి ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు గట్లు. గాడి అడుగూ గట్లూ నున్నటి మృదులాస్థితో కప్పి ఉంటాయి. తొడ ముందు భాగంలోని పెద్ద కండరం చిప్పను పై నుంచి పట్టుకుంటుంది. చిప్ప కింద నుంచి గట్టి స్నాయువొకటి దిగి పిక్క ఎముక ముందున్న బుడిపెకు అతుక్కుంటుంది. కండరం, గాడి, చిప్ప, బుడిపె నాలుగూ ఒకే గీత మీద ఉన్నంతకాలం మోకాలు ముడిచినా చాచినా చిప్ప గాడిలోనే పైకీ కిందికీ జారుతుంది. చిన్న జాతుల్లో ఈ గీత వంకరపోతుంది. ఎక్కువగా బుడిపె లోపలివైపుకు తిరుగుతుంది, కండరం లాగుడు అటే పోతుంది, ఆ లాగుడు వెంట చిప్పా పోతుంది.

కుక్కపిల్లలో దీనికి ఇంకో మెలిక ఉంది. గాడికి పూర్తి లోతు పుట్టుకతో రాదు. చిప్ప పైనుంచి అదుముతూ ఉంటే, ఆ ఒత్తిడికి లోబడి, పెరుగుతున్న ఎముక అక్కడ లోతుగా తయారవుతుంది. చిప్ప పక్కకు పడి ఉంటే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేక లోతు లేదు, లోతు లేక చిప్ప నిలవదు. ఎముకలు జోరుగా పెరిగే మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఈ చక్రం ఎంత తిరిగితే అంత చెరుపు. తొడ ఎముక విల్లులా వంగుతుంది, పిక్క ఎముక మెలి తిరుగుతుంది. ఎదిగిన కుక్కలో ఇది ఒక కీలు జబ్బు. పిల్లలో కాలంతటి ఆకారాన్నీ మార్చేస్తుంది.

తీవ్రతను నాలుగు మెట్లుగా చెప్పే పద్ధతి 1960ల చివర పట్నమ్, సింగిల్టన్ అనే ఇద్దరి పరిశీలనల నుంచి వచ్చింది. నేటికీ అదే వాడుక. ఒకటో గ్రేడులో వేలితో నెడితే చిప్ప జారుతుంది, వదిలితే తిరిగి వస్తుంది. రెండులో తనంతట తనే జారుతుంది, తనే వస్తుంది. మూడులో ఎక్కువసేపు బయటే ఉంటుంది, నెడితే చోట్లోకి వస్తుంది. నాలుగులో ఎంత నెట్టినా రాదు.

ఈ గ్రేడు తేల్చేది ఎక్స్‌రే అనుకుంటాం. నిజానికి వేళ్లే. పిల్లను బల్ల మీద నిలబెట్టి డాక్టరు ముందు పిక్క ఎముక బుడిపెను వేలితో పట్టుకుంటాడు. అక్కణ్ణించి స్నాయువు వెంట వేలు పైకి జరిపితే చిప్ప తగలాలి. రెండు మూడు కిలోల కుక్కలో అది కొన్ని మిల్లీమీటర్ల వెడల్పే. ఇక కాలు నెమ్మదిగా చాచి, పాదాన్ని లోపలికి తిప్పి, బొటనవేలితో చిప్పను లోపలివైపుకు నెడతాడు. టక్కుమని జారుతుంది. “డాక్టర్ గారూ, సోఫా మీంచి దూకినప్పుడు కాలు బెణికిందేమోనండీ?” అని అడుగుతుంది వెంట వచ్చిన ఆవిడ. “బెణుకు కాదమ్మా, ఇటు వేలు పెట్టి చూడండి” అని ఆమె వేలును అక్కడ పెట్టిస్తే, ఆ జారుడు ఆమెకూ తెలుస్తుంది. ఆ మాత్రం చేసే డాక్టరు అంటే నాకు గౌరవం. పది నిమిషాల ఉపన్యాసం కన్నా వేలికి తగిలిన ఆ ఒక్క జారుడు ఎక్కువ చెబుతుంది.

ఇక అసలు పని. గాడికి లోతు లేదు కాబట్టి లోతు చేయాలి. పాత రోజుల్లో దీనికి తోచిన దారి ఆకురాయి పెట్టి గాడిని అరగదీయడం. లోతు వచ్చేది, చిప్ప నిలిచేది. కానీ ఆ అరగదీతలో మృదులాస్థి మొత్తం పోయేది. ఒకసారి పోయిన అసలు మృదులాస్థిని శరీరం మళ్లీ తయారు చేసుకోలేదు. దాని చోట నారలతో నిండిన ముతక కణజాలం పేరుకుంటుంది. రోజుకు వేలసార్లు దాని మీద జారుతూ చిప్ప అడుగు భాగమూ అరిగిపోతుంది.

అమెరికాలో బార్‌క్లే స్లోకమ్, ఆయన సహచరులు 1980ల్లో వేరే దారి పట్టారు. 1985లో స్లోకమ్, ఆ సహచరుల్లో ఒకరైన డివైన్ ప్రచురించిన పద్ధతి చెప్పేది ఇది: పై పొరను అరగదీయొద్దు, దాన్ని కింద ఎముకతో సహా ఒక్క ముక్కగా పైకి తీసి, పక్కన పెట్టి, అడుగు లోతు చేసి, అదే ముక్కను తిరిగి అక్కడే కూర్చోబెట్టండి. పుచ్చకాయల బండి దగ్గర ఎరుపు చూపించడానికి కాయలోంచి కోణంగా ముక్క కోసి, కొనేవాడికి చూపించి, మళ్లీ ఆ కన్నంలోనే పెట్టేస్తాడు చూడండి, ఆ కోతే ఇది. తేడా అల్లా సర్జన్ మళ్లీ పెట్టేటప్పుడు ముక్క ముందున్న మట్టం కన్నా కిందికి దిగాలి.

చేతిపనిగా చూస్తే ఇందులో ప్రతి కదలికకూ లెక్క ఉంది. సన్నని పళ్ల రంపం బయటి గట్టు శిఖరం మీద మొదలవుతుంది. ఇంకో కోత లోపలి గట్టు శిఖరం మీంచి. రెండూ ఏటవాలుగా దిగి లోతులో కలుస్తాయి. శిఖరం నుంచి కొంచెం లోపలికి జరిగి కోస్తే గాడి ఇరుకై చిప్ప దిగదు. బయటికి జరిగితే గట్టే పలచబడి విరుగుతుంది. ముక్క ఊడివచ్చాక దాన్ని రక్తంతోనో సెలైన్‌తోనో తడిపిన గాజుగుడ్డలో ఉంచుతారు. ఆరితే మృదులాస్థి కణాలు చస్తాయి కాబట్టి ఆ తడి తప్పనిసరి. ఇప్పుడు ఖాళీ అయిన గుంట గోడ పక్కనే, దానికి సమాంతరంగా మరో కోత వేసి సన్నని ఎముక రేకు తీసేస్తారు. గుంట వెడల్పవుతుంది. ముక్క వెడల్పు మారలేదు. అందుకే పెట్టగానే అది లోతుకు దిగుతుంది. చిప్ప మందంలో దాదాపు సగం గట్ల మట్టానికి కిందికి దిగేలా లోతు ఉండాలని సర్జన్లు చూసుకుంటారు. ముక్క సరిగా కుదరకపోతే దాన్ని అటుది ఇటు తిప్పి కూడా కూర్చోబెట్టవచ్చు. లోపలి గట్టు ఎత్తు పెరగడానికి ఆ తిప్పుడు ఒక్కోసారి పనికొస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది దీని తర్వాతి సంగతి. ఆ ముక్కకు మేకు లేదు, స్క్రూ లేదు, కుట్టు లేదు. కోసిన ఎముక లోపలి గరుకు గోడలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పై నుంచి చిప్ప అదుముతూ ఉంటుంది. ఏ చిప్ప జారడం వల్ల ఇంత పని పడిందో, ఆ చిప్ప ఒత్తిడే ముక్కను కదలకుండా ఉంచుతుంది. కొన్ని వారాల్లో ఎముక ఎముకతో అతుక్కుంటుంది. మృదులాస్థికి ఎటూ రక్తనాళాలు లేవు, కీలులోని జిగురు ద్రవమే దానికి తిండి, కనుక పైకి తీసి పెట్టినా బతుకుతుంది. శరీరంలో ఉన్నవాటితోనే పని ముగించడం అంటే ఇదీ.

దీనికీ లోటు ఉంది. రెండు కోతలు చివర్లలో కలిసిపోతాయి కాబట్టి ముక్క నడుమ లోతుగా, రెండు కొసల్లో పలచగా ఉంటుంది. కుక్క నిలబడి కాలు చాచినప్పుడు చిప్ప ఉండేది గాడి పై కొస దగ్గర. జారేదీ ఎక్కువగా అక్కడే. అందుకే కోణపు ముక్క బదులు దీర్ఘచతురస్రపు ముక్కను ఉలితో లేపే పద్ధతి వచ్చింది. దానివల్ల పై కొసలో లోతు ఎక్కువగా వస్తుందని 2001లో జాన్సన్ బృందం మృత కుక్కల మోకాళ్ల మీద పోల్చి చూపించింది. అయితే రెండు కిలోల చివావాలో ఆ పలక ఎంత సన్నగా ఉంటుందంటే, ఉలి ఏమాత్రం తడబడినా ముక్క రెండవుతుంది. చిన్న ప్రాణికి ఏ పద్ధతి అన్నది పుస్తకం కన్నా చేతి అలవాటు మీదే ఆధారపడుతుందని నా అభిప్రాయం.

మరీ లేత పిల్లలకు, ఐదారు నెలల లోపు వాళ్లకు, రంపమే అక్కర్లేదు. ఆ వయసులో మృదులాస్థి మందంగా, మెత్తగా ఉంటుంది. మూడు వైపులా గాటు పెట్టి తలుపు రెక్కలా లేపి, కింది ఎముకను గీరి తీసేసి, రెక్కను మళ్లీ వాల్చి అదిమితే చాలు. వయసు పెరిగితే ఆ పొర పలచబడి ఎముకకు అంటుకుపోతుంది, లేవదు.

గాడి ఒక్కటే బాగుచేస్తే సరిపోదు. బుడిపె ఇంకా లోపలికే తిరిగి ఉంటే చిప్పను మళ్లీ పక్కకు లాగుతుంది. అందుకని బుడిపెను సన్నగా కోసి, కింది అంచున ఎముక పైపొరను తెగనీయకుండా ఉంచి, కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరుపుతారు. ఇక్కడ లోహం కావాలి. 1909లో జర్మన్ సర్జన్ మార్టిన్ కిర్ష్‌నర్ తెచ్చిన సన్నని ఉక్కు పిన్నులు ఇప్పటికీ ఈ పనికి వాడతారు. టాయ్ జాతులకు వాడేవి మిల్లీమీటరు మందం కూడా ఉండవు. పైన ఎనిమిది అంకె ఆకారంలో తీగ బిగిస్తారు. కండరం పైకి లాగే కొద్దీ ఆ తీగ బుడిపెను ఎముకకు అదిమి పెడుతుంది. పిల్లల్లో చిక్కంతా ఇక్కడే. బుడిపె దగ్గర ఎముక పెరిగే గీత ఇంకా మూసుకోదు, దాని మీద పిన్నులు దింపితే పెరుగుదల చెడుతుంది. ఆగితేనేమో వంకర పెరుగుతుంది. మూడో గ్రేడు పిల్లకు ముందు మెత్తని పనులతో, అంటే లోపలి బిగువును కోసి వదులు చేసి, బయటి వదులును మడిచి కుట్టి, చిప్పను గాడిలో ఉంచి, ఎముక పని తర్వాతకు పెట్టే సర్జన్లు ఉన్నారు. ఎప్పుడు కోయాలో తెలిసినవాడికన్నా ఎప్పుడు ఆగాలో తెలిసినవాడు ఎక్కువ పనివాడు అనిపించేది ఇలాంటి చోటే.

కీలు మూసేముందు పరీక్ష ఉంటుంది. మోకాలు పూర్తిగా ముడిచి చాస్తారు, పాదాన్ని లోపలికి మెలితిప్పుతారు, బొటనవేలితో చిప్పను నెట్టి చూస్తారు. జారితే మళ్లీ మొదలు. అన్నీ చేసినా కొన్నింట్లో చిప్ప తిరిగి జారుతుంది, పిన్ను కదులుతుంది. నాలుగో గ్రేడులో ఆ అవకాశం మరీ ఎక్కువ. ఒకటో గ్రేడు ఉండి కుంటడం లేని పిల్లకు కత్తి అసలు అవసరం లేదు.

మన ఇళ్లలో కత్తి కన్నా ముందు మాట్లాడాల్సింది నేల గురించి. తాండూరు బండ, గ్రానైట్, విట్రిఫైడ్ టైల్స్, అన్నీ అద్దంలా మెరిసేవే. ఈ మోకాలున్న పిల్లకు ఆ మెరుపే శత్రువు. పిల్ల తిరిగే దారిలో రబ్బరు చాపలో, జారని అడుగున్న డోర్ మ్యాట్లో వరసగా వేయాలి. పాదం మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించాలి, గోళ్లు పెరగనీయకూడదు. సోఫాకు ఏటవాలు బల్ల పెట్టాలి. బిస్కెట్లు తగ్గించాలి, అరకిలో బరువు పెరగడం రెండు కిలోల కుక్కకు చిన్న సంగతి కాదు. ఇంట్లో ఉన్న మన నొప్పి మాత్రలు ఒక్కటీ వేయొద్దు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుళ్లు పుట్టిస్తుంది, మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది.

ఆపరేషన్ అయ్యాక ఆరు నుంచి ఎనిమిది వారాలు పిల్లను ప్లేపెన్‌లో ఉంచి, లీష్ కట్టి మూత్రానికి మాత్రమే బయటికి తిప్పాలి. అతుక్కున్నదీ లేనిదీ ఎక్స్‌రేలో చూశాకే వదలాలి. అంత చక్కని పనినంతా ఒక్క మంచం దూకుడు పాడుచేయగలదు.

కొనేముందు తల్లిదండ్రుల మోకాళ్లు చూపించమని అడిగే అలవాటు మనకు ఇంకా రాలేదు. అమెరికాలో ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ ఏడాది నిండిన కుక్కల మోకాళ్లు పరీక్ష చేయించి నమోదు చేసుకుంటుంది. ఈ లోపం వంశంలో వస్తుంది కాబట్టి, కాలు ఎత్తి గెంతే కుక్కకు ఎంత అందమున్నా పిల్లలు పెట్టించకూడదు. మన పెట్ షాపుల్లో “టీకప్” అని అరచేతిలో పట్టే పిల్లలకు ఎక్కువ ధర పలుకుతోంది. ఆ అరచేతి కొలతతో పాటు ఏ మోకాలు వస్తోందో ఎవరూ అడగరు.

చాలా కుక్కల్లో రెండు కాళ్లకూ ఇదే ఉంటుంది. రెండూ ఒకేసారి చేసే సర్జన్లు ఉన్నారు. ఒకటి చేసి, ఆ కాలు బరువు మోయడం మొదలుపెట్టాక రెండోది చేసేవాళ్లు ఎక్కువ. కాళ్లు చాపలేని నాలుగో గ్రేడు పిల్లకు మొదటి దారి, మిగతావాటికి రెండోది నయమని నాకు తోస్తుంది. మొదటి కాలు కుదుటపడేలోగా రెండో కాలి గ్రేడును డాక్టరు మళ్లీ వేలితో చూసి రాసుకోవాలి.