చిల్లర్ ప్లాంటు ఆపరేటరు పనితనం

పెద్ద ఆఫీసు భవనాల్లో సాధారణంగా ఎక్కువ కరెంటు లాగేది ఏసీ వ్యవస్థే. దాన్ని అదుపులో ఉంచే నేర్పు, ఏసీకి కావలసిన నీటిని చల్లబరిచే చిల్లర్ ప్లాంటు ఆపరేటరుది. టన్ను చల్లదనానికి ఎన్ని కిలోవాట్లు పడుతున్నాయన్నదే ఆ పనికి గీటురాయి. చల్లనీటి పైపుకు అమర్చిన, అందిన చల్లదనాన్ని కొలిచే బీటీయూ మీటరు, చిల్లరుకు పెట్టిన ఎనర్జీ మీటరు కలిసి ఆ లెక్క తేలుస్తాయి. అంకె పెరిగితే కండెన్సరు గొట్టాల్లో పొర కట్టిందా, కూలింగ్ టవరు మొరాయిస్తోందా అన్నది మంచి ఆపరేటరు ఇట్టే పసిగడతాడు. బయటివారికి కనిపించని ఈ విద్య నిజంగా మెచ్చుకోదగినది.

ఈ పనిలో వాడే పరికరాల్లో, మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే వీఎఫ్‌డీది ప్రత్యేక స్థానం. ఫ్యాను వేగాన్ని 80 శాతానికి దించితే, సిద్ధాంతరీత్యా, అది తీసుకునే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది.

కొలత విలువకు హైదరాబాదు శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ భవనం చక్కని నిదర్శనం. 2011 నాటి ఆ భవనంలో ఒక సగానికి మామూలు ఏసీ. మరో సగంలో శ్లాబులోని గొట్టాల్లో చల్లనీరు పారించే రేడియంట్ పద్ధతి. విడివిడి మీటర్లతో కొలిస్తే, రేడియంట్ సగం చల్లదనానికి 30 శాతానికి పైగా తక్కువ కరెంటు వాడినట్టు తేలింది. తర్వాత ఆ సంస్థ ఇతర క్యాంపస్‌లలోనూ అదే పద్ధతిని చేపట్టింది.