బొర్రా గుహల్లో పిన్నిగారు

ఫోను లేని ఇల్లూ, ఆ ఫోనులో పాట పాడి బంధువులకు పంపని ఇల్లూ ఈ రోజుల్లో అరుదు. సంతోషించవలసిందే. కానైతే వచ్చిన పాటలు వరసగా విని చూడండి. హాల్లో పాడిన పిన్నిగారూ, మేడమీద పాడిన బాబాయిగారూ ఇద్దరూ బొర్రా గుహల్లోంచే పలుకుతున్నట్టుంటారు. అంతా 'ఎకో' మహిమ!

అసలు చిక్కేమిటంటే, మన గొంతు మనకి నచ్చదు. మన స్వరం గాలిలోంచే కాక తలలోని ఎముకల ద్వారా కూడా మన చెవికి చేరుతుంది. ఆ దారిన మంద్రం ఎక్కువ. యంత్రం పట్టేది గాలిలో వచ్చినదాన్నే. అందుచేత రికార్డులో గొంతు పలచగా, పరాయిదిగా తోస్తుంది. లోకం మొదటినుంచీ వింటున్నది ఆ గొంతునే సుమండీ! ఆ సంగతి మింగుడు పడక దానిమీద ఎకో దుప్పటి కప్పుతాం.

దుప్పటి తప్పుల్ని పూర్తిగా దాచదు సరికదా, మాటను ముంచేస్తుంది. తెలుగు మాట చాలామట్టుకు అచ్చుతో ముగుస్తుంది. ఆ అచ్చు తోక వచ్చి తరవాతి హల్లుమీద పడితే సాహిత్యం కాస్తా గంజిలో కలుస్తుంది. ఇక శ్రుతి సవరించే ఆటోట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని పన్నెండు స్వరస్థానాలకీ బిగించి వదిలితే, వాటి మధ్య ఊగవలసిన గమకాన్ని మెట్లు మెట్లుగా నరికేస్తుంది. తోడి పాడితే హార్మోనియం మెట్లు నొక్కినట్టుంటుంది.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డిచ్చినప్పుడు మైకే లేదు. కొమ్ములాటి గొట్టంలోకి గట్టిగా పాడి, చివర తన పేరు చెప్పుకునేది. అంత గరగరలోనూ ఆవిడెవరో ఈనాటికీ తెలుస్తుంది. మన పిన్నిగారిని మాత్రం పోల్చుకోలేం!

అలాగని పచ్చి పాట పంపమనడం లేదు. ఉత్తగోడల గది గొంతును తిప్పికొడుతుంది. పరుపులూ బట్టలూ ఉన్న గదిలో, ఫ్యాను ఆపి పాడండి. ఫోను జానెడు దూరంలో, మూతికి కాస్త పక్కగా పెడితే 'ఫ', 'భ'ల ఊపిరి మైకును తన్నదు. ఒక చెవిలో తంబురా శ్రుతి ఉంచుకోండి. పల్లవి పాడి, విని, మళ్ళీ పాడండి. దిద్దుబాటేదో గొంతులోనే జరగనివ్వండి.

ఏళ్ళు గడిచాక మనవరాలు ఆ పాట పెట్టుకుంటే, అమ్మమ్మ దొరికేది ఆ సన్నని వణుకులోనూ, ఊపిరి తీసుకున్నచోటా. అదికూడా చెరిపేస్తే మిగిలేది ఉత్త పాట. అదైతే సినిమావాళ్ళ దగ్గర ఇంతకంటె బాగానే దొరుకుతుంది!