కప్పు కాచిన దొరసాని

అమ్మా డెబోరా, డెవన్‌షైర్ డచెస్సా! డెర్బీషైర్ కొండల నడుమ, డెర్వెంట్ ఏటి ఒడ్డున నిలిచిన నీ చాట్స్‌వర్త్ భవనాన్ని లోకమంతా పొగుడుతుంది. దాన్ని పడిపోనివ్వని నీ పూనికను నేను పొగుడుతాను.

మిట్‌ఫర్డ్ ఇంటి ఆరుగురు ఆడపిల్లల్లో కడగొట్టుదానివి. 1941లో నువ్వు చేయి పట్టిన ఆండ్రూ, డెవన్‌షైర్ డ్యూక్‌కు రెండో కొడుకు. ఆ మహలు మీకు రావలసింది కాదు. 1944లో, రెండో ప్రపంచ యుద్ధంలో, బావగారు బెల్జియంలో నేలకొరిగాడు. 1950లో మామగారు కట్టెలు కొడుతూ కొడుతూ కుప్పకూలాడు. మొదటి చావు వారసత్వం తెచ్చింది, రెండోది అప్పు తెచ్చింది. నూటికి 80 పాళ్లు మరణ పన్ను! పెద్దాయన ఇంకొన్ని వారాలు బతికి ఉంటే ఆ పిడుగు తప్పేది.

పన్ను కింద వేల ఎకరాలు పోయాయి. హార్డ్‌విక్ హాల్ పోయింది. హోల్బైన్ గీసిన ఎనిమిదో హెన్రీ బొమ్మ లండన్ చేరింది. పోయినవాటిని తలుచుకుంటూ కూర్చోలేదు నువ్వు. 1959లో పిల్లాపాపలతో ఆ ఇంట్లో కాపురం పెట్టావు. యుద్ధకాలంలో బడిపిల్లలు తిరిగి, ఆపై బోసిపోయిన గదుల్లో మళ్లీ పొయ్యిలు రాజేయించావు. ఎకరానికి మించి పరుచుకున్న పైకప్పు! ఒక మూల బాగుచేసేసరికి ఇంకో మూల పిలిచే కప్పు! ఆ పిలుపు విని విసుక్కోని నీ ఓపికకు జేజే.

రష్యా చక్రవర్తి వస్తాడని 1844లో జోసెఫ్ పాక్స్‌టన్ కట్టిన ఫౌంటెన్ ఉంది మీ తోటలో. చక్రవర్తి రానే లేదు. నీ కాలంలో టిక్కెట్టు కొని బడిపిల్లలు వచ్చారు; ఆ నీళ్లు వాళ్ల కోసం ఎగిశాయి. పాలంటే సీసాలోవే అనుకునే పట్నం పిల్లల కోసం 1973లో పశువుల పెరడు తెరిచి, పాలు పిండి చూపించే ఏర్పాటు చేశావు. పొదుగు కింద గోరువెచ్చని పాలధార, పైన ఆవు కదిలించే చెవులు, గడ్డీ పేడా కలగలిసిన వాసన: ఏ పాఠ్యపుస్తకం నేర్పుతుంది ఈ పాఠం?

1977లో పిల్స్‌లీ ఊళ్లో, ఒకప్పుడు మేలుజాతి గుర్రాలను పెంచిన కొట్టాల్లో దుకాణం పెట్టించావు. ఎస్టేటులో మేసిన పశువుల మాంసం అమ్మించావు. డచెస్ అయివుండి బేరానికి దిగడమా అని నొసలు చిట్లించినవాళ్లకు నీ గల్లాపెట్టె జవాబు చెప్పింది. 1981లో ఆ భవనం బాధ్యత ధర్మసంస్థ చేతికి వెళ్లింది. తరతరాల సొంత ఇంట్లో మీరే అద్దె కట్టి ఉన్నారు. ఇది నాది అనడం సులువు, ఇది నా తర్వాతా ఉండాలి అనడం కష్టం. ఆ కష్టమైన మాటకు కట్టుబడిన నీకు జేజే.

విందుకెళ్లే నిండు గౌనులో కోళ్లకు గింజలు చల్లుతూ ఫొటోకు నిలబడ్డావు. అందులో నటన వెతకనక్కర్లేదు. ఆ పట్టు గౌనూ నీదే, ఆ కోళ్లూ నీవే.

2004లో భర్త పోయాక పెత్తనం కోడలికి వదిలి, పక్కనే ఎడెన్సర్ ఊరి ఇంటికి మారావు. ఏలడం తెలిసినవాళ్లు ఎందరో ఉంటారు. వేళకు తప్పుకోవడం తెలిసినవాళ్లు అరుదు. 2014లో, 94 ఏళ్ల వయసులో, ఆ ఊరి మట్టిలోనే కలిశావు.

దొరల ఇల్లయినా, పేదల ఇల్లయినా, కారే కప్పు వంశం పేరు అడగదు. ఎవరో ఒకరు రేకు మార్పించాలి, ఆ కూలి డబ్బు న్యాయంగా సంపాదించాలి. సంపాదించి చూపించావు తల్లీ, నీకు జేజేలు!