మఱుగుపడిన తొలి ‘గ్యాస్ లైట్’

‘గ్యాస్ లైట్’ అనఁగానే చలనచిత్రప్రియులకు స్ఫురించునది 1944లో జార్జి క్యూకర్ తీసిన హాలీవుడ్ చిత్రము. అందలి నాయికగా ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఆస్కారు బహుమానము పొందినది. ప్యాట్రిక్ హామిల్టన్ 1938 నాఁటి నాటకము నాధారముగాఁ గొని, 1940లోనే ఇంగ్లండున థోరాల్డ్ డికిన్‌సన్ తీసిన చిత్రమొకటి గలదని యెఱిఁగినవారు కొలఁదిమంది. అది వారి దోషము గాదు. ఎం.జి.ఎం. సంస్థ ఆ కథను మరల తీయు హక్కులు కొని, తొలి చిత్రమును రూపుమాపఁ జూచినది. కొన్ని ప్రతులు దక్కుటచేతనే నేఁడు మనము దానిని చూడఁగలుగుచున్నాము. నా యభిప్రాయమున తొలి చిత్రమే మేలైనది. అందు డయానా విన్యార్డ్ నటనము బెర్గ్‌మన్ నటనమునకుఁ దీసిపోదు, కొన్ని పట్టుల దానిని మించినది.

కథ చిన్నది. విక్టోరియా రాణి కాలపు లండనులో నొక వృద్ధురాలు హత్యకు గుఱియగును. హంతకుఁడు వెదకిన కెంపులు దొరకవు. ఏండ్లు గడచిన పిమ్మట పాల్ మాలెన్ అనువాఁడు భార్య బెల్లాతో నా యింటఁ గాపురము పెట్టును. వస్తువులు మాయమగుచుండును, నీవే దాఁచి మఱచితివని భర్త నిందించును. రాత్రి యతఁడు వెలుపలి కేగిన కొంతసేపటికి గదిలోని గ్యాసు దీపము మందగించును, మీఁది యంతస్తున నడుగుల చప్పుడు వినవచ్చును. ఇంటి దీపములన్నిటికి వాయువు ఒక్క గొట్టముననే వచ్చును గనుక, పైన నెవరైన దీపము వెలిగించినచోఁ గ్రింది దీపము క్షీణించును. ఇంత తేటయైన కారణము గల దానిని సైతము తన మనోభ్రమయే యని యామె నమ్మునట్లు చేయుటలోనే పాల్ క్రౌర్యమంతయు నున్నది.

విన్యార్డ్ పిచ్చిని అభినయింపలేదు, సందేహము నభినయించినది. భర్త యడిగిన ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు, ఏ బదులు ప్రమాదరహితమో యని యతని ముఖమున వెదకును. మన నాట్యశాస్త్రము సాత్త్వికాభినయమున కగ్రస్థాన మిచ్చినది. వేపథువు, స్వరభేదము, వైవర్ణ్యము మొదలగునవి మనస్సు లగ్నమైనప్పుడే కలుగునుగాని పైపైఁ దెచ్చిపెట్టుకొన్నచో రావని భరతుని మతము. దీనికి సంగీతసభ ఘట్టముకంటె మంచి యుదాహరణము నాకుఁ దోఁచదు. బహుకాలమునకు నలుగురిలోనికి వచ్చిన బెల్లా సంతోషముతోఁ గూర్చుండును. పియానో మ్రోగుచుండఁగా, తన గడియారము కానరాలేదని భర్త మెల్లఁగా చెవిలోఁ జెప్పును. అది యామె చేతిసంచిలోనే దొరకును. ఆమె యేడ్పు నాఁపుకొనఁ జూచును. ఆఁపుకొనుచున్నకొలఁది నది పైకి వచ్చును. తుదకు సభ యంతయు వెనుదిరిగి చూచును. ఆ వేళ నామె సిగ్గును జూచువారు తామును ఆ సభలోఁ గూర్చుండి వెనుదిరిగి చూచినవారివలె దోషభాగులగుదురు.

పాల్‌గా నటించిన ఆంటన్ వాల్‌బ్రుక్ వియన్నా నగరమువాఁడు. కెంపులు దొరకిన ఘట్టమున నతఁడు కొంత యతిగా నటించెననుట నిజమే. కాని తక్కిన చిత్రమున నతని యాయుధము గృహాధికారము. ఇంటి కెవరు రావలెనో నిర్ణయించువాఁ డతఁడే. పనికత్తె నాన్సీ యెదుట భార్యను చిన్నబుచ్చి, ఆమెతోనే సరసమాడువాఁ డతఁడే. పిచ్చియాసుపత్రి పేరెత్తి బెదరించువాఁడును నతఁడే. ఈ యధికార మతనికి హత్యవలన రాలేదు, వివాహమువలన వచ్చినది. (‘నీకేమియుఁ దెలియదు, ఊరకుండుము’ అను మాట కెంపులు లేని యిండ్లలోఁ గూడ వినఁబడుచునే యున్నది.) ఈ కథపేరనే పుట్టిన ‘గ్యాస్‌లైటింగ్’ అను పదమును 2022లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువువారు ఆ సంవత్సరపు మాటగా నెన్నుకొనిరి.

క్యూకర్ చిత్రము దాదాపు రెండు గంటలది. ఇటలీలోని ప్రణయము, యువకుఁడగు పరిశోధకుఁడు అందుఁ జేర్పఁబడినవి. ఒక పురుషుని నుండి విడివడిన నాయికకు మఱియొక పురుషుని యాశ్రయము సూచింపఁబడినది. డికిన్‌సన్ చిత్రమున సాయపడువాఁడు రఫ్ అను ముసలి మాజీ పోలీసు ఉద్యోగి. అతఁ డామెకిచ్చునది ప్రేమ గాదు, సాక్ష్యము.

తుదిఘట్టమున పాల్ కుర్చీకిఁ గట్టఁబడి యుండును. బెల్లా కత్తి చేతఁబట్టి యెదుట నిలిచి, తన్నుఁ బిచ్చిదానినన్న యతని మాటనే యతనికిఁ దిరిగి యప్పగించును. చిత్రమంతట వణఁకిన యా గొంతు ఇచ్చట వణఁకదు.